క్వాంట్‌లో 167, వ్యాసంలో 3 ఏంది మేడమ్?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో, మెయిళ్లలో సగానికి పైగా ఒకటే గోల. వ్యాసం. పై దేశాల కాలేజీల్లో సీటు కోసం రాసే పరీక్షల్లో మన పిల్లలకు లెక్కలు బాగానే వస్తున్నాయి, చదివి ఆన్సర్ పెట్టే ప్రశ్నలూ ఫర్వాలేదు, సొంతంగా ఒక పేజీ రాయమనేసరికి మార్కులు ఎవరో గిల్లుకుపోయినట్టు తగ్గిపోతున్నాయి. అందుకని ఈసారి అత్తాకోడళ్ల ప్రశ్నలు, పొలం గట్టు తగాదాలు పక్కనపెట్టి ఇదొక్కటే మాట్లాడుకుందాం. ఆ ఉత్తరాలు రాసినవాళ్లు కోప్పడకండి, వచ్చే నెల మీదే.

ప్రశ్న: మేడమ్, మాది నెల్లూరు, వేదాయపాళెం. బీటెక్ ఫైనల్ ఇయర్. పై దేశాల్లో పీజీ సీటు కోసం జీఆర్ఈ రాశాను. లెక్కల భాగం క్వాంట్‌లో 167, ఇంగ్లీషు భాగం వెర్బల్‌లో 153, వ్యాసంలో మాత్రం ఆరుకి మూడు. ఒక్క గ్రామర్ తప్పు లేకుండా రాశానని నాకు గ్యారెంటీగా తెలుసు. ఐన్‌స్టీన్, అబ్దుల్ కలాం, స్టీవ్ జాబ్స్ ముగ్గురి ఉదాహరణలూ పెట్టాను. నా ఫ్రెండ్ నాకన్నా తక్కువే రాశాడు, ఉదాహరణ కూడా ఒకటే, వాడికి 4.5. దిద్దింది ఎవరో తెలీదు, ఎందుకు తగ్గించారో చెప్పరు. ఇదేం న్యాయం? మళ్లీ రాయాలా? నాన్న ఇప్పటికే ఇరవై వేలకు పైగా ఫీజు కట్టారు, ఇంకోసారి అడగాలంటే మొహం చెల్లడం లేదు.

జవాబు: నీ కోపంలో న్యాయం ఉంది నాయనా, ముందు అది ఒప్పుకుంటాను. లెక్క తప్పయితే ఎక్కడ తప్పిందో వెనక్కి వెళ్లి చూసుకోవచ్చు. వ్యాసానికి ఒక అంకె చేతిలో పెట్టి పంపించేస్తారు, ఏ పేరా దగ్గర జారావో ఎవరూ చెప్పరు, అందుకే మూడు వచ్చినవాడు ఆరు నెలలు తిట్టుకుంటూ తిరుగుతాడు. అయితే దిద్దింది "ఎవడో ఒకడు" అనుకుంటున్నావు చూడు, అక్కడ కొంచెం పొరపాటుంది. జీఆర్ఈ వ్యాసాన్ని ఒక మనిషి చదివి 0 నుంచి 6 లోపు మార్కు వేస్తారు, ఈ-రేటర్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా విడిగా వేస్తుంది. ఆ రెండూ దగ్గర దగ్గరగా ఉంటే సగటు తీస్తారు. తేడా ఎక్కువగా ఉంటే ఇంకో మనిషి చదువుతారు, అప్పుడు ఇద్దరు మనుషుల మార్కులకే సగటు. కాబట్టి ఆ రోజు ఒకాయనకి తలనొప్పిగా ఉండి నీకు మూడు వేశాడనుకోవడం కష్టం.

మెషీన్‌ని నమ్మొచ్చా అంటావేమో. పూర్తిగా నమ్మమని నేను చెప్పను. ఎంఐటీలో రాత పాఠాలు చెప్పిన లెస్ పెరల్‌మన్ అనే ఆయన 2014లో కొందరు విద్యార్థులతో కలిసి 'బేబెల్' అని ఒక ప్రోగ్రామ్ తయారుచేశాడు. దానికి రెండు మూడు మాటలిస్తే పెద్ద పెద్ద పదాలతో, తలా తోకా లేని వ్యాసం అల్లి ఇస్తుంది. మనిషి చదివితే నవ్వొస్తుంది. మార్కులేసే మెషీన్లు మాత్రం వాటికి మంచి మార్కులే ఇచ్చాయి. అంటే మెషీన్‌కి వాక్యం నిర్మాణం, మాటల స్థాయి, పొడుగు ఇవి తెలుస్తాయి, నువ్వు చెప్పింది నిజమా కాదా, ఆ వాదన నిలబడుతుందా అన్నది దానికి పట్టదు. అందుకే పక్కన మనిషిని పెట్టారు. మరి ఆ మనిషి నీ వ్యాసంలో ఏం చూసి ఉంటాడు?

నాకు తోచింది చెప్తాను, నీ వ్యాసం చూడలేదు కాబట్టి తప్పయితే దులిపేసుకో. ఉన్నది ముప్పై నిమిషాలు. అందులో ముగ్గురు మహానుభావుల్ని పిలిచావు. ఒక్కొక్కరికి రెండు మూడు వాక్యాలకన్నా దక్కి ఉండవు. "ఐన్‌స్టీన్ పట్టుదలతో కృషి చేశాడు, కలాం గారు కలలు కనమన్నారు, జాబ్స్ భిన్నంగా ఆలోచించాడు." అయిపోయింది. సభలో వేదిక మీద ముగ్గుర్ని కూర్చోబెట్టి ఎవరిచేతా మాట్లాడించకుండా శాలువాలు కప్పి పంపించినట్టు. నీ ఫ్రెండ్ ఒక్క ఉదాహరణే తీసుకుని దాన్ని అటూ ఇటూ తిప్పి చూపించి ఉంటాడు, దానికే 4.5.

ఇంకొకటి. జీఆర్ఈలో టాపిక్ కింద రెండు మూడు లైన్ల సూచన ఉంటుంది. ఒక్కో టాపిక్‌కి ఒక్కో రకం. ఒక దాంట్లో "ఈ మాట ఏ సందర్భంలో నిజమవుతుంది, ఎక్కడ కాదు" చెప్పమంటారు, ఇంకోదాంట్లో "నీ అభిప్రాయాన్ని కాదనేవాళ్ల బలమైన వాదన తీసుకుని దానికి జవాబివ్వు" అంటారు. మనవాళ్లు టాపిక్ చూడగానే పెన్ను పరిగెత్తిస్తారు (ఇప్పుడు కీబోర్డే అనుకో), ఆ లైన్లు చదవరు. అడిగింది ఒకటి, రాసింది ఒకటి. ఇంగ్లీషు ఎంత శుభ్రంగా ఉన్నా అక్కడ మార్కు ఆగిపోతుంది.

నన్నడిగితే ఉదాహరణ కోసం అమెరికా దాకా పోవాల్సిన పని లేదు. చదివింది, చూసింది, అనుభవించింది ఏదైనా వాడుకోవచ్చు. పాతదాన్ని కాపాడుకోవాలా, కొత్తదానికి దారివ్వాలా అనే రకం టాపిక్ వచ్చిందనుకో. ఒంగోలు గిత్తని తీసుకో. మన పశువుల్ని బ్రెజిల్ పట్టుకెళ్లారు, అక్కడ ఆ జాతి పేరే 'నెలోర్', మీ ఊరి పేరు. అక్కడి మాంసం వ్యాపారంలో ముఖ్యమైన జాతి అదే. ఇక్కడేమో ట్రాక్టర్లొచ్చాక దుక్కికి గిత్త అక్కర్లేకపోయింది, పండక్కి బండలాగుడు పందేల్లో చూసి ఆనందిస్తున్నాం. దీన్నిబట్టి "పాతది గౌరవంతో బతకదు, పని ఉంటేనే బతుకుతుంది" అనొచ్చు. వెంటనే నువ్వే అడ్డుపడు: అక్కడ బతికింది మాంసం కోసం పెంచే పశువు, దుక్కి దున్నే మన గిత్త కాదు కదా, మరి అది కాపాడుకోవడం ఎట్లా అవుతుంది? చూశావా, ఒక్క గిత్తతో రెండు పేజీలు నడుస్తాయి. ఆ దిద్దే మనిషి ఆ రోజు ఎంతమంది స్టీవ్ జాబ్స్‌లను చదివి ఉంటాడో, గిత్త కనపడితే కుర్చీలో కాస్త సర్దుకుని కూర్చుంటాడు.

ఇక మళ్లీ రాయాలా అన్నది. ఒక పరీక్షకీ ఇంకోదానికీ మధ్య 21 రోజులు గడవాలి, ఏడాదిలో ఐదుసార్ల దాకా రాయొచ్చు. ఈసారి క్వాంట్ తగ్గితే అన్న భయం వద్దు, ఏ రోజు రాసిన స్కోరు పంపాలో నువ్వే ఎంచుకోవచ్చు. కాకపోతే పాత క్వాంట్, కొత్త వ్యాసం కలిపి పంపడం కుదరదు, ఒక రోజుది మొత్తం ఒక ప్యాకేజీ. నాన్నగారిని అడగబోయే ముందు ఒక పని చెయ్యి. నువ్వు అప్లై చేసే డిపార్ట్‌మెంట్ల పేజీలు ఒక్కొక్కటే తెరిచి చూడు. 2020 తర్వాత చాలాచోట్ల జీఆర్ఈ అడగడమే మానేశారు. అడిగేచోట వ్యాసానికి ఇంత ఉండాలని రాసి ఉంటే అప్పుడు ఆలోచించు. రాసి లేకపోతే ఆ ఇరవై వేలు దాచుకుని, స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ మీద, అంటే ఈ చదువు ఎందుకు కావాలో కాలేజీకి నువ్వు రాసే కాగితం మీద కూర్చో. అక్కడ ముప్పై నిమిషాల గడువు లేదు, మెషీన్ లేదు, నీ ప్రొఫెసర్ చదువుతాడు.

ప్రశ్న: నేను ఒంగోలులో చిన్న వ్యాపారం చేసుకుంటున్నాను. మా అమ్మాయి ఐఈఎల్‌టీఎస్, అదే ఇంగ్లీషు ఎంత వచ్చో చూసే పరీక్ష, రాసింది. లిజనింగ్ 7.5, రీడింగ్ 7.5, స్పీకింగ్ 6.5, రైటింగ్ 6. మొత్తం మీద 7 వచ్చింది. కానీ యూనివర్సిటీ వాళ్లు దేంట్లోనూ 6.5 కి తగ్గకూడదంటున్నారు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియంలో చదివిస్తే ఇదా ఫలితం అని గట్టిగా అరిచాను, రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు. కన్సల్టెన్సీవాళ్లు రీవాల్యుయేషన్ పెట్టమంటున్నారు, మా తమ్ముడు డబ్బు దండగంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు లోపలికెళ్లి అమ్మాయి పక్కన కూర్చుని అన్నం తినిపించండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

తిన్నదా? సరే. వాళ్ల భాషలో దాన్ని ఎంక్వయిరీ ఆన్ రిజల్ట్స్ అంటారు. పరీక్ష రాసిన రోజు నుంచి ఆరు వారాల్లోపు పెట్టుకోవాలి. ఇంకో సీనియర్ ఎగ్జామినర్ మళ్లీ దిద్దుతారు, బ్యాండ్, అంటే వాళ్లు వేసే మార్కు, పెరిగితే కట్టిన ఫీజు తిరిగి ఇచ్చేస్తారు. రైటింగ్, స్పీకింగ్ మనుషులు వేసే మార్కులు కాబట్టి అర బ్యాండు అటూ ఇటూ అయ్యే వీలు వీటిలోనే ఉంది, లిజనింగ్, రీడింగ్‌లో ఆశ పెట్టుకోకూడదు. మీ అమ్మాయికి కావాల్సింది సరిగ్గా ఆ అర బ్యాండే. నేనైతే పెడతాను. మీ తమ్ముడిగారితో నా పేరు చెప్పకండి.

రెండో దారి కూడా ఉంది. కంప్యూటర్ మీద రాసి ఉంటే 'వన్ స్కిల్ రీటేక్' అని ఒక్క రైటింగ్ మాత్రమే మళ్లీ రాయొచ్చు, మొదటి పరీక్ష రాసిన 60 రోజుల్లోపు. అయితే దాన్ని అన్ని యూనివర్సిటీలూ ఒప్పుకోవు, ముందు వాళ్లకి మెయిల్ పెట్టి జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి. కన్సల్టెన్సీవాళ్లు "ఒప్పుకుంటారు సార్" అని నోటితో చెప్పింది లెక్కలోకి రాదు.

మళ్లీ రాసే పక్షంలో అమ్మాయిని ఒక్కటి అడగండి, అరవకుండా. రైటింగ్‌లో రెండు భాగాలుంటాయి, గంట టైము. మొదటిది గ్రాఫో టేబులో చూసి 150 మాటలు, రెండోది 250 మాటల వ్యాసం. రెండోదానికి మొదటిదానికన్నా రెట్టింపు విలువ. చాలామంది మొదటి గ్రాఫు దగ్గరే అరగంట కూర్చుని, రెండోది ఆఖరి నిమిషాల్లో గబగబా ముగించేస్తారు. పైగా ఆ ప్రశ్నలో రెండు ముక్కలు ఉంటాయి, "కారణాలేంటి, పరిష్కారాలేంటి" అన్నట్టు. కారణాలకే సగం పేజీ పోసి పరిష్కారం ఒక్క లైను రాస్తే ఇంగ్లీషు ఎంత బాగున్నా బ్యాండు కిందికే దిగుతుంది. వాళ్లు చూసే నాలుగు విషయాల్లో గ్రామర్ ఒకటి మాత్రమే. అడిగినదానికి జవాబిచ్చిందా, చెప్పేది ఒక దారిలో నడిచిందా, మాటలు సరిగ్గా పడ్డాయా అన్నవి మిగతా మూడు, నాలుగింటికీ సమానమైన బరువు. ఎల్‌కేజీ నుంచి మీరు ఫీజు కట్టింది ఎక్కువగా ఆ ఒక్క గ్రామర్‌కే అనుకోండి.

ప్రశ్న: కావలిలో ఇంటర్ సెకండియర్ చదువుతున్నాను. డిగ్రీకే అమెరికా వెళ్లాలని ఉంది. అందుకు రాసే శాట్ పరీక్షలో వ్యాసం ఉంటుందని సీనియర్ అక్క చెప్పింది, పొడుగ్గా రాస్తే మార్కులు వస్తాయట. నిజమేనా? నాకు వ్యాసం అంటే టెన్షన్.

జవాబు: మీ సీనియర్ అక్క బాగా సీనియర్ అయ్యుంటుంది. శాట్‌లో వ్యాసం 2005 మార్చిలో తప్పనిసరి అయింది, 2016లో ఇష్టమైతేనే అన్నారు, 2021 జూన్ తర్వాత అక్కడి కొన్ని రాష్ట్రాల బడుల్లో పెట్టే పరీక్షలకు తప్ప తీసేశారు. నువ్వు దాని గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

పొడుగు సంగతి మాత్రం పుకారు కాదు. మొదట్లో ఆ వ్యాసానికి 25 నిమిషాలే. ఇందాక చెప్పిన పెరల్‌మన్‌గారే 2005లో మార్కులతో సహా బయటపెట్టిన నమూనా వ్యాసాలు తీసుకుని చూస్తే, పొడుగు పెరిగేకొద్దీ మార్కు పెరుగుతోంది. లోపల రాసిన విషయాలు తప్పయినా మార్కు తగ్గించొద్దని దిద్దేవాళ్లకు చెప్పి ఉంచారు కూడా. మన నెల్లూరు తిక్కన గారు పదిహేను పర్వాలు తెనిగించినా ఒక్క మాట వృథా పోనివ్వలేదంటారు, ఆయన్ని 25 నిమిషాలు ఆ హాల్లో కూర్చోబెట్టి ఉంటే తక్కువ రాశాడని ఎన్ని తగ్గించేవాళ్లో.

శాట్ లాంటిదే ఇంకో పరీక్ష, ఏసీటీలో వ్యాసం ఇప్పటికీ ఉంది, రాయడం రాయకపోవడం మన ఇష్టం, నలభై నిమిషాలు. కోపం మన పిల్లలకే అనుకోకు, 2015 సెప్టెంబరులో వాళ్లు వ్యాసానికి 1 నుంచి 36 దాకా కొత్త కొలత పెడితే మిగతా సబ్జెక్టుల్లో ముప్పైలు తెచ్చుకున్న పిల్లలకు వ్యాసంలో అంతకన్నా బాగా తక్కువ వచ్చి అమెరికాలోనే పెద్ద గొడవయింది. అంకె ఒకే స్కేలు మీద ఉంది కదా, పక్కపక్కన పెట్టి పోల్చుకున్నారు, ఎవరైనా అంతే చేస్తారు. ఏడాది తిరిగేసరికి ఆ కొలత ఎత్తేసి మళ్లీ 2 నుంచి 12కి వచ్చేశారు. నువ్వు స్కోరు పంపాలనుకున్న కాలేజీ వ్యాసం అడుగుతోందో లేదో చూసుకో. అడక్కపోతే రాయకు.

ప్రశ్న: కందుకూరులో ఇంగ్లీషు లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను. ముప్పై ఏళ్లు ఇంటర్ పేపర్లు దిద్దిన అనుభవం నాది. మీలాంటివాళ్లు పిల్లల్ని వెనకేసుకొచ్చి దిద్దేవాళ్లని బోనులో నిలబెడుతున్నారు. వాళ్లు రాసే రాతలకి మూడు కూడా ఎక్కువే. చదవరు, రాయరు, మార్కులు మాత్రం కావాలి.

జవాబు: నమస్కారం మాస్టారూ. ముప్పై ఏళ్లు స్పాట్ వాల్యుయేషన్ చేసినవాళ్లంటే నాకు గౌరవమే, ఎందుకంటే నేనూ ఆ బెంచీల మీద కూర్చున్నదాన్నే. కాబట్టి మనిద్దరం ఒకరి దగ్గర ఒకరం అబద్ధమాడాల్సిన అవసరం లేదు. పొద్దున మొదటి బండిల్ విప్పినప్పుడు ఉన్న ఓపిక, ఏప్రిల్ ఎండలో మధ్యాహ్నం భోజనం చేసొచ్చాక, తిరిగీ తిరగని ఫ్యాను కింద మీకు ఉండేదా? నాకుండేది కాదు. ఒకసారి నేనూ నా పక్క సీటు ఆవిడా సరదాకి ఒకే పిల్లాడి వ్యాసం విడివిడిగా దిద్దుకున్నాం. నేను పదికి ఎనిమిది వేశాను, ఆవిడ అయిదు. టీ తాగుతూ నవ్వుకున్నాం. రెండూ కూడి సగం చేద్దామని మాకు తోచలేదు, బండిల్ ఆవిడది కాబట్టి అయిదే ఉంచేశాం. ఆ పిల్లాడికి మూడు మార్కులు ఎక్కడ పోయాయో ఇప్పటికీ తెలిసి ఉండదు. పై దేశపు కొన్ని పరీక్షల్లో రెండు మార్కులు విడివిడిగా వేయించి, తేడా వస్తే ఇంకొకరిని పిలిచేది ఇందుకే.

పిల్లలు రాయరన్నారు. వాళ్లకి రాసే అవకాశం మనం ఎక్కడిచ్చాం? కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో తెల్లారి లేచింది మొదలు రాత్రి స్టడీ అవర్ దాకా లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ. ఇంగ్లీషంటే రెండు నెలల ముందు మెటీరియల్ ఇచ్చి, ఈ నాలుగు ప్రశ్నలూ బట్టీ పట్టండి అని చెప్పిందెవరు? నేనే చెప్పాను. మీరు చెప్పలేదా? "నీకేమనిపిస్తోంది, ఎందుకనిపిస్తోంది" అని పదిహేడేళ్ల దాకా ఒక్కరు కూడా అడగని పిల్లాణ్ణి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ముప్పై నిమిషాల్లో నీ అభిప్రాయం చెప్పమంటే, వాడు మెటీరియల్ కోసం వెతుక్కుంటాడు. అక్కడ అది లేదు కాబట్టి ఐన్‌స్టీన్‌ని పిలుస్తాడు.

మీకిప్పుడు తీరికే కదా. సాయంత్రాలు మీ వీధి పిల్లల్ని నలుగుర్ని అరుగు మీద కూర్చోబెట్టి వారానికొక పేజీ రాయించండి, తెలుగులో అయినా సరే. ఎర్ర పెన్నుతో స్పెల్లింగులు కొట్టకుండా, పక్కన "ఎందుకు?" అని మాత్రం రాసి ఇవ్వండి. ఆర్నెల్ల తర్వాత నాకు మళ్లీ ఉత్తరం రాయండి, తిడుతూ రాసినా వేస్తాను.

ప్రశ్న: సింగరాయకొండ నుంచి రాస్తున్నాను. మా కోచింగ్ సార్ మూడు వేలు తీసుకుని జీఆర్ఈ వ్యాసానికి ఒక టెంప్లేట్ ఇచ్చాడు. ఖాళీల్లో టాపిక్ పేరు పెడితే చాలు, నాలుగు గ్యారెంటీ అన్నాడు. నాకు 2.5 వచ్చింది. డబ్బులు వెనక్కి అడగొచ్చా?

జవాబు: ఆ టెంప్లేట్ నీ ఒక్కడికే ఇచ్చాడా, బ్యాచ్ మొత్తానికా? బ్యాచ్ మొత్తానికే అయ్యుంటుంది. పరీక్ష పెట్టే ఈటీఎస్ వాళ్ల దగ్గర ఒకరి వ్యాసానికీ ఇంకొకరిదానికీ పోలిక పట్టే సాఫ్ట్‌వేర్ ఉంది. వేరేవాళ్ల రాతతో బాగా కలిసిపోతే స్కోరే రద్దు చేసే హక్కు వాళ్లకుంది. 2.5తో బయటపడ్డావంటే అదృష్టవంతుడివి, నిజంగానే అంటున్నాను.

డబ్బులు అడుగు, తప్పేముంది. ఫోన్‌పేలో పంపించావా, చేతికిచ్చావా? ఫోన్‌పే అయితే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని వెళ్లు. చేతికిచ్చి రసీదు తీసుకోకపోతే ఆ మూడు వేలు వదిలెయ్. ఆ కాగితం మాత్రం చింపెయ్, మీ తమ్ముడు జీఆర్ఈ అంటున్నాడని ఉత్తరం కింద రాశావుగా.